గాజుతొట్టిలో పొట్టి మొక్కలు

పెళ్లి కుదిరి తప్పిపోయాక, జనగామలో చుట్టాల పరామర్శలు భరించలేక జ్యోత్స్న తానే అడిగి గంగారం ఆసుపత్రికి నర్సుగా బదిలీ చేయించుకుంది. డ్యూటీ అయ్యాక ఆమెతో మాట్లాడేవాళ్లు లేరు. ఒకసారి మహబూబాబాద్ వెళ్లినప్పుడు అక్వేరియం దుకాణంలో చిన్న గాజుతొట్టి కొనుక్కుంది. చేపలు వద్దంది. లోపలి మొక్కలు చాలంది.

నెల తిరక్కముందే మొక్కలు సన్నగా పైకి సాగిపోయాయి. కింది ఆకులు రాలి కాడలు బోసిగా మిగిలాయి. దుకాణం రాజుకు ఫోన్ చేసింది.

"లైటు సరిపోతలేదక్కా. జర కిందికి దించు. కొసలు కత్తిరించి, ఆ ముక్కలనే పక్కపక్కన గుచ్చు. గిట్ల చేస్తనే పొట్టిగ, గుబురుగ వస్తయి."

రోజూ సూదులు వేసే చేతులతోనే కత్తెర పట్టి కొసలు కత్తిరించి, ముక్కలను పక్కపక్కన గుచ్చింది. మిగిలిన మోళ్లను చూసి, ఉన్నవాటిని కూడా చంపుకున్నానేమో అనుకుంది. కొన్నాళ్లకు మోళ్ల పక్కనుంచి జంట చిగుళ్లు వచ్చాయి. సంబరంగా ఫొటో తీసింది. ఎవరికి పంపాలో తోచలేదు. ఫోనులో పేర్లన్నీ పైనుంచి కిందికి చూసి పక్కన పెట్టేసింది.

మర్నాడు పక్కింటి ముసలామె ఎల్లక్క కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి గదికే వచ్చింది.

"నీళ్లల్ల గడ్డి పెంచుతున్నవేంది బిడ్డా? చేపలు లేవా?"

"లేవవ్వా. ఊకె చూస్తుంట కూసొని."

ఎల్లక్క నవ్వలేదు. పుండు మానాక కూడా సాయంత్రాలు వచ్చి తొట్టి ముందు కూర్చునేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

వానలు మొదలయ్యాక జ్యోత్స్నకు భూపాలపల్లి బదిలీ అయింది. సగం మొక్కలు తడిగుడ్డలో చుట్టి తీసుకుపోయింది. సగం ఎల్లక్క తన వాకిట్లో సిమెంటు నీళ్ల గోలెంలో వేయించుకుంది.

కొత్త గదిలో మొక్కలు చక్కగా కుదురుకున్నాయి. చూడవచ్చినవారు లేరు. చలికాలంలో ఎల్లక్క ఫోన్ చేసింది.

"నీ గడ్డి నీళ్ల మీదికొచ్చి గులాబిరంగు పూలు పూసింది బిడ్డా. వచ్చి చూడరాదు?"

"వస్తనవ్వా."

సెలవు దొరికేసరికి చాలా ఆలస్యమైంది. రెండు బస్సులు మారి గంగారం చేరితే ఎల్లక్క ఇంటికి తాళం వేసి ఉంది. కూతురొచ్చి తీసుకుపోయిందని, ఇక రాకపోవచ్చని ఎదురింటివాళ్లు చెప్పారు. ఫోను కలవలేదు.

గోలెంలో నీళ్లు అడుగంటాయి. జ్యోత్స్న బోరింగు దగ్గరనుంచి బిందెడు నీళ్లు తెచ్చి పోసింది. వాడిన పూలను వేళ్లతో సర్ది, బస్సు వేళయ్యేదాకా గడప మీద కూర్చుంది.