కాలికింది మట్టి ఇవ్వని మునిలక్ష్మమ్మ

"'దొంగోని మాదిరి ఎందుకప్పా వంగినావు? అడిగింటే నేనే కాళ్ళు కడిగి, గంపెడు బురద చేసి ఇస్తా ఉంటి కదా!' అన్నాను సొన్నప్పను."

చెప్పి మునిలక్ష్మమ్మ తనే నవ్వింది. చాప మీద కూర్చున్న ప్రేమ నవ్వలేదు. పల్లెల్లో పెద్దవాళ్ళ బతుకులు విని రాసుకుందామని బంగారుపేట నుంచి వచ్చిన పిల్ల. దానికి మొదటినుంచీ చెప్పాలి కాబోలు అనుకుంది మునిలక్ష్మమ్మ.

ఆవని దగ్గరి ఆ ఊళ్ళో ఎవరి కన్నయినా చెడ్డదని అనుమానం వస్తే, వాళ్ళు అడుగు పెట్టిన చోట మట్టి తీసి ఎండుమిరపకాయలతో కలిపి నిప్పుల్లో వేస్తారు. పోయిన వేసవిలో సొన్నప్ప ఆమె వెనకాలే వచ్చి వంగింది ఆ మట్టికే.

అంతకుముందు పదిహేడేళ్ళుగా పట్టుపురుగులు పండే రోజున ఊరు ఊరంతా పిలిచింది ఆమెనే. గూడు కట్టడానికి సిద్ధమైన పురుగును చూడగానే పోల్చి, తట్టలోంచి ఏరి, అవి గూళ్ళు అల్లుకునే వెదురు చంద్రికల మీద వేయడంలో ఆమెకు సాటి లేదు.

"ఏ కన్ను కావాలని ఇంటికొచ్చి పిలిచిరో, ఆ కన్నే చెడ్డదాయె చూడమ్మా!"

అప్పుడు జరిగింది ఇదీ. సొన్నప్ప ఇంట్లో బాగా ఎదిగిన పురుగులు ఒక్క పూటలో చచ్చాయి. అతని తోటలో మల్బరీ ఆకు కొన్న పిల్లప్ప ఇంట్లోనూ అంతే. ముందురోజు రెండిళ్ళలోనూ తట్టలు శుభ్రం చేసింది మునిలక్ష్మమ్మ. మొగుడు పోయిన మనిషి కూడాను. ఇంకేం కావాలి ఊరికి?

ఆమె మట్టి ఇవ్వలేదు. తిన్నగా సొన్నప్ప పురుగుల ఇంట్లోకి నడిచింది. చచ్చిన పురుగులు ఆకుపచ్చటి నీళ్ళు కక్కి ఉన్నాయి, మిగిలినవి తలలు ఊపుతున్నాయి.

"రోగమైతే ఇట్ల కక్కవు. ఈ ఆకు ఏ మడిదప్పా?"

"టమోటా పక్కది," అంది సొన్నప్ప భార్య పుష్పావతి.

"టమోటాకు మందు ఎప్పుడు కొట్టినావు?"

"పో పో! నాకు సేద్యం నేర్పేదానికి వచ్చినావా?" అని అరిచాడు సొన్నప్ప.

సాయంత్రం అతనొక్కడే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అక్కా, ఊరి ముందర పిడికెడు మట్టి ఇచ్చెయ్. నా తప్పని తెలిస్తే పిల్లప్ప నా మొగం చూడడు. ఇంగ ప్రతి పంటకూ నిన్నే పిలిపిస్తాను."

"ఇస్తే నా కన్ను చెడ్డదని నేనే ఒప్పుకున్నట్ల. కూలి పోతే పోనీ. ఇయ్యను."

ఆ తర్వాత నాలుగు పంటలు వచ్చాయి. ఒక్కరూ పిలవలేదు. పక్క ఊళ్ళో రాగి చేలల్లో కలుపు తీసి బతుకుతోంది.

"అంత చెడ్డవాడా అమ్మా ఆయన?" అంది ప్రేమ.



"యాడ చెడ్డోడు? నా మొగుని పాడె మోసినోడు. మందు సంగతి మరిచి ఆకు కోసినాడు. ఎవురికైనా జరుగుతాది. చెప్పేదానికి భయపడి నా కాళ్ళ తట్టు చూసినాడే, ఆడ పుట్టింది చెడ్డ. మా నాయన మారప్ప ఆండర్సన్‌పేట నుంచి బంగారు గనికి పోతా ఉండె. 'లోపల చీకట్లో దయ్యముండాదా నాయనా?' అని అడిగితే, 'మేము దిగేదాకా ఏమీ ఉండదమ్మా, మేమే మోసుకుపోతాము' అనె."

ఉన్నట్టుండి లేచి పొద్దు చూసింది. పొద్దున రాగిచేనికి పోతూ చూసింది, సొన్నప్ప మళ్ళీ టమోటాకు మందు కొడుతున్నాడు. గాలి మల్బరీ మీదికే ఉంది. పిల్లప్ప ఇంట్లో పురుగులు ఇప్పుడు విపరీతంగా తినే దశలో ఉన్నాయి. సాయంత్రం అతను ఆ తోటకే ఆకుకు వస్తాడు. తను పోయి చెబుదామంటే, తనను చూస్తేనే వాళ్ళు తలుపేసుకుంటారు. అదంతా ప్రేమకు చెప్పింది.

"వేసుకోనీలే అమ్మా. నిన్ను అన్ని మాటలన్నవాళ్ళే కదా," అంది ప్రేమ.

"అంటే? తెలిసీ నోరు మూసుకుంటే సొన్నప్పకూ నాకూ ఏం తేడా ఉండాది?" ఆమె ప్రేమ సంచి తీసి చేతికిచ్చింది. "లెయ్. బస్సుకు పోయే దోవలోనే పిల్లప్ప ఇల్లు. ఆ టమోటా పక్క ఆకు ముట్టొద్దని చెప్పు. ఎవురు చెప్పినారంటే ఎవురో అనొద్దు. నా పేరు పెట్టి, వీధిలో అందరికీ వినపడేటట్ల చెప్పు."