ఉడుతకు రంపం కుదిరిన వైనం

చెట్లు కొట్టే ఆయనకు ఉడుత అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆ పేరు వినబడితే చాలు, ఆయనకు ఛాతీ కాస్త ఉబ్బుతుంది. ఉడుతంటే ఉడుతలా ఉండొద్దూ? మనిషి చూస్తే బీరువా. ఇరుకు వాకిళ్లలోకి పక్కకు తిరిగి దూరాలి. కానీ నడుముకు బెల్టు బిగించి, మోకుతాడు వేసి చెట్టు మీదికి పాకాడంటే, కిందనున్నవాళ్లు తెరిచిన నోరు మూసుకోవడం మరచిపోతారు. ఇళ్ల కప్పుల మీదికి వాలిన కొమ్మలను, కింద పూలకుండీ కూడా పగలకుండా దించడం ఆయన పని.

కింద మోకు పట్టేది పెళ్లాం. ఆమె పట్టు మీద తప్ప ఇంకొకరి పట్టు మీద ఆయన ఎన్నడూ ఎక్కలేదు. చెట్టు మీద ఉన్నంతసేపూ ఆమె మాటే చెల్లుతుంది. నేల మీదికి దిగాక తన మాట చెల్లుతుందని ఆయన అనుకుంటూ ఉంటాడు. అనుకోనివ్వడంలో ఆమెకు వచ్చే నష్టమేమీ లేదు.

ఈమధ్య ఆయన కుడి భుజం మొరాయించింది. ఆయన దగ్గరున్న రంపం మిషన్ వెనకపిడిది. నేల మీద నిలబడి దుంగలు కోసుకోవడానికి చేసిన సరుకు. దాన్ని ఇన్నేళ్లుగా తాడుతో పైకి లాక్కుని, తలపైకెత్తి కోశాడు. భుజానికి మాత్రం ప్రాణం లేదా? ఇప్పుడు చొక్కా తొడుక్కునేటప్పుడు ముందు ఆ చేతినే, నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా లోపలికి పంపుతున్నాడు. పైఅరలో డబ్బా అందుకోమంటే “నీకు చేతుల్లేవా?” అని గయ్యిమంటున్నాడు. ఏమైందయ్యా అంటే “పడక తేడా చేసింది” అంటాడు. పాపం, పడక తిరిగి ఒక్కమాట అనలేదు గనక నేరమంతా దానిదే అయింది.

ఆయన భయం వేరు. భుజం సంగతి తెలిస్తే ఆమె మోకు పట్టదు. ఆమె పట్టకపోతే తను ఎక్కడు. కింద నిలబడి ఆకులు ఊడ్చే ఉడుతను ఎవరైనా చూశారా? అందుకే ఒక ఉపాయం ఆలోచించాడు. పైన పిడి ఉండే చిన్న మిషన్ కొంటే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే నొప్పి తగ్గుతుంది, నొప్పి తగ్గితే ఇక చెప్పాల్సిన పనే ఉండదు. ఇంత తెలివి ఎప్పుడూ లేనిది ఒక్కసారి వస్తే ఇలాగే ఉంటుంది.

మిషన్లు అమ్మి, బాగుచేసే కొట్టువాడిని అందరూ గ్రీజు అంటారు. అతను మూడు పైపిడి మిషన్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటిది పేరున్న కంపెనీది. ఉడుత దాన్ని ఎత్తాడు, ధర విన్నాడు, కాలుతున్న గిన్నెలా దించేశాడు. రెండోది ఎర్రగా, నిగనిగలాడుతూ, పొడుగాటి బ్లేడుతో ఉంది. దాని మీదున్న పేరు ఎవరూ విన్నది కాదు. మూడింటిలోకీ చవక. మూడోది బూడిదరంగుది, పొట్టి బ్లేడుది, ధరలో మధ్యస్థం. పిల్లలాడుకునే బొమ్మలా ఉంది. ఆయన కళ్లు ఎర్రదాని మీదే పడ్డాయని వేరే చెప్పాలా?

“మంచిది పట్టావన్నా! ఇంత బ్లేడు ఈ ధరకి ఇంకెక్కడా రాదు,” అన్నాడు గ్రీజు.

“దీని చైను తెగితే ఇంకోటి నీ దగ్గర దొరుకుతుందా తమ్ముడూ?” అంది, డబ్బూ సామానూ ఉన్న సంచి పట్టుకుని వెంట వచ్చిన భార్య.

“తెప్పిస్తానక్కా.”

“ఎక్కణ్ణుంచి?”

గ్రీజు చెవి గోక్కున్నాడు. “అదే... కనుక్కోవాలి.”

“నువ్వు కనుక్కునేదాకా మా ఆయన కొమ్మ మీదే కాపురం పెట్టాలా?”

“చైను ఊరికే తెగుతుందా ఏంటే, అంతా పట్టేవాడి చేతిలో ఉంటుంది,” అని ఉడుత ఎర్రమిషన్‌ని ఎత్తి గాల్లో ఆడించాడు. “చూడు, ఒంటి చేత్తో! రెండో చేత్తో కొమ్మ పట్టుకుని కోసి పడెయ్యొచ్చు.”

“మిషన్ ఎగిరి తన్నితే ఏ చెయ్యి మిగులుతుందో ముందే చెప్పు. ఆ చేతికే గడియారం కొనిపెడతాను.”

“అక్క చెప్పింది నిజమే అన్నా,” అన్నాడు గ్రీజు. “పిడి పైన పెట్టింది కొమ్మల మధ్య ఇరుకులో తిప్పుకోడానికి. కొయ్యడం మాత్రం రెండు చేతులతోనే.”

“నువ్వు ఎవరి వైపురా?”

“సంచి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల వైపు.”

ఆమె ఆ సంచిలోంచే బెల్టూ మోకూ తీసింది. ఉడుత రెండడుగులు వెనక్కి వేశాడు. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. చెట్టు మీద వాడే వస్తువేదైనా గాల్లో వేలాడి చూడందే కొనరు. బూట్లు కొన్నప్పుడు కూడా ఆయన్ని వేలాడదీసింది. ఆ పద్ధతి తనే కనిపెట్టానని ఆయన నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

“ఇవాళ వద్దే. జనం చూస్తున్నారు.”

“చెట్టెక్కినప్పుడు కళ్లు మూసుకుంటున్నారా? కట్టుకో.”

ఇంజన్లు ఎత్తడానికి కొట్లో ఇనుప దూలం ఉంది. మోకు దాని కప్పీల మీదుగా పడింది, ఆమె లాగింది, ఆయన కాళ్లు నేలను వదిలాయి. బోల్టుల కోసం వచ్చినవాళ్లు బోల్టులు మరచిపోయి చుట్టూ చేరారు. చైనుకు తొడుగు వేసి గ్రీజు ఎర్రమిషన్ అందించాడు. నేల మీద బుద్ధిగా ఉన్న ఆ మిషన్ గాల్లోకి వెళ్లేసరికి ముక్కు కిందికి వేసింది. ఉడుత దాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు.

“దీని బరువంతా ముందుకుంది,” అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

“పైగా బెల్టుకు తగిలించుకోడానికి వెనక రింగు కూడా లేదు. చెయ్యి జారిందంటే తిన్నగా నా నెత్తిమీదికే. ఆ బొమ్మనివ్వు తమ్ముడూ.”

బూడిదరంగుది చేతుల్లో ఇమిడిపోయింది. పైపిడి మీద కుడిచెయ్యి, ముందు పిడి మీద ఎడమచెయ్యి. ఛాతీకి ఎదురుగా కదలకుండా నిలిచింది. ఉడుత మొహం వెలిగింది.

“ఇంకొంచెం పైకెత్తు,” అంది ఆమె.

“ఎందుకూ? ఇక్కడ బాగుందిగా.”

“ఎత్తవయ్యా.”

ఎత్తబోయాడు. భుజం రానంది. నేల మీదైతే ఏ దగ్గో తుమ్మో తెచ్చుకుని బయటికి నడిచేవాడే. వేలాడేవాడు ఎక్కడికి పోతాడు?

“ఎన్నాళ్లనుంచి?”

“పడక తేడా...”

“ఇప్పుడు దింపమంటావా, సాయంత్రం వచ్చి దింపమంటావా?”

“వానలప్పటినుంచి,” అన్నాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మోకు పట్టవుగా.”

ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే, బోల్టులవాళ్లు మెడలు చాచి వినాల్సి వచ్చింది. ఆమె మోకును అరచేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.

“పట్టను,” అంది. “తలమీదికి ఎత్తి కోస్తానంటే పట్టను. కొమ్మ ఛాతీకి ఎదురుగా వచ్చేదాకా ఎక్కి, రెండు చేతులూ పెట్టి కోస్తానంటే పడతాను. లావు కొమ్మలకు మా సొంత తమ్ముడు ఎక్కుతాడు.”

“వాడా! స్టూలెక్కితేనే వాడికి కళ్లు తిరుగుతాయి.”

“నువ్వు నేర్పు. కిందనుంచి అరవడం నీకు కొత్తా? ఇంట్లో చేసే పనేగా.”

కొట్లో అందరూ నవ్వారు. ఉడుత నవ్వలేదు. ఆయన ఇంకో లెక్కలో ఉన్నాడు. “మరి పైకొమ్మలు?”

“నీవే.”

“నావేనా?”

“చెవులకు కూడా పడక తేడా చేసిందా?”

“గ్రీజూ, ఈ బొమ్మ కట్టెయ్,” అన్నాడు ఉడుత. తరవాత పెళ్లాంతో, “దింపవే.”

“ఉండు, బేరం కాలేదు.”

మొగుడు అలా గాల్లో తిరుగుతుండగానే ఆమె నెమ్మదిగా బేరమాడి, కొసరుగా ఇంకో చైను కూడా వేయించుకుంది. కొట్లో సగం చోటు ఆ వేలాడే ఆయనదే కావడంతో గ్రీజు ఎక్కువసేపు బెట్టు చెయ్యలేకపోయాడు.

దింపాక బెల్టు విప్పింది, కుడివైపు తగలకుండా. ఆయన మిషన్ పెట్టెను భుజానికి ఎత్తుకోబోతే, లాక్కుని తను ఎత్తుకుంది.

“అది నాదే!”

“చెట్టు మీద నీది. దారిలో నాది. నడు.”

ఉడుత నడిచాడు, పెట్టెకు అవతలివైపు ఎడమచేత్తో ఆసరా ఇస్తూ. ఆమె వద్దనలేదు.