మా వదినకు పెట్టిన ఇంగ్లీషు పేరు

మా ఎంకమ్మ వదిన ఓర్వలేని మనిషి. ఆడబిడ్డను కాబట్టి చాడీలు చెబుతున్నానని అనుకుంటే అనుకోండి, నాకేం? పక్కింటి బర్రె నిండుగా పాలిస్తే ఈమె కండ్లలో నిప్పులు పోసుకునేది. మా మేనత్త నాకు రైక గుడ్డ పెట్టిందని నాలుగు రోజులు నాతో మాట కలపలేదు. మనుషుల మీద ఓర్వకపోతే పోనీ, చివరికి ఒక గొర్రె మీద కూడా ఓర్వలేకపోయింది మహాతల్లి.

మాది దౌల్తాబాద్ దగ్గర ఊరు, గొర్రెలు కాసే కురుమలం. మా అన్న బీరయ్య నిజాం కాలంలో కొడంగల్ పోయి ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివి, మళ్ళీ గొర్రెల వెంటే పడ్డాడు. పోలీస్ యాక్షన్ అయిపోయింది, కొత్త రాష్ట్రం వచ్చింది. ఆ మరుసటి ఏడే మందకు రోగం తగిలి సగం జీవాలు చచ్చిపోయాయి. మిగిలినవాటితో ఇల్లు గడవదు. అప్పుడే వికారాబాద్‌లో పశువుల దవాఖానలో నౌకరీ ఒకటుందని తెలిసింది. జీవాల సంగతి తెలిసి ఉండాలి, మందు సీసాల మీది ఇంగ్లీషు చదవాలి, అడిగితే నాలుగు ముక్కలు మాట్లాడాలి. జీవాల సంగతి అన్నకు పుట్టుకతోనే వచ్చింది. ఇంగ్లీషు మాత్రం ఎ బి సి డీల దగ్గరే ఆగింది. ఆ నౌకరీ రాకపోతే మిగిలిన మందను కూడా అమ్ముకుని కూలికి పోవడమే.

మత్తయ్య సారు అని, పక్క ఊళ్ళో క్రైస్తవుల బడిలో చెప్పేవాడు. అన్న ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"చెప్త గాని, ఒక్క మాట యాద్ పెట్టుకో బీరయ్యా," అన్నాడు సారు. "మాట ఒంటరిగ నిలబడది. దానికి నాలుగు కాళ్ళుంటయ్. అర్థం ఒకటి, తోటి మాట ఒకటి, ఉల్టా మాట ఒకటి, వాడుక ఒకటి. నాలుగూ ఉంటెనే నడుస్తది."

నాలుగు కాళ్ళనగానే మా అన్నకు గొర్రెలు కాక ఇంకేం తోస్తాయి? అడవిలో ఎండా వానా, చేతిలో కర్ర. పుస్తకం పట్టే తీరిక లేదు. అందుకని మందలో ఒక్కో జీవానికి ఒక్కో ఇంగ్లీషు మాట పేరుగా పెట్టేశాడు. మాట వినని మొండి పొట్టేలు 'స్టబ్బర్న్'. దాని కవల 'ఆబ్‌స్టినేట్', రెండిటికీ అర్థం ఒకటేనట. ఎప్పుడూ కుమ్ముకునే పొట్టేళ్ళు రెండు 'ఫ్రెండ్', 'ఎనిమీ'. పొద్దుగూకితే దొడ్డి గుమ్మంలో నిలబడి ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేవాడు. పిలిచినదల్లా లోపలికి పోతుంటే దాని అర్థం, తోటి మాట, ఉల్టా మాట వల్లించేవాడు. ఊరంతా నవ్వింది. మాటలు మాత్రం మందలాగే పెరిగాయి.

ఆ మందలో గోధుమరంగు చెవుల గొర్రె ఒకటి. దాని పేరు 'బిలవెడ్'. అది రోగం తగిలి చావుదాకా పోయి బతికింది కాబట్టి అన్నకు దానిమీద జాలి. గడ్డం కింద నిమురుతూ "బిలవెడ్, బిలవెడ్" అని మెల్లగా పిలిచేవాడు.

ఒకరోజు మత్తయ్య సారు మా ఇంట్లో చల్ల తాగుతుంటే వదిన అడిగింది. "సారూ, బిలవెడ్ అంటె ఏంది?"

పాపం ఆయనకేం తెలుసు! "ప్రియమైనది అమ్మా. మనసుకు మస్తు దగ్గరున్నది అని," అన్నాడు.

అంతే. సారు గడప దాటాడో లేదో వదిన ఇల్లు పీకి పందిరేసింది.

"పెండ్లయి ఇన్నేండ్లాయె. ‘ఏమే’ అనుడు తప్ప నన్ను ఒక్కనాడన్న ఇంకో మాటతోని పిలిచినవా? గొర్రె ప్రియమైనదాయె! నేనేమైన? చెప్పు, నాకేం పేరు పెట్టినవ్?"

అన్న నవ్వాడంతే. ఆ నవ్వే కొంప ముంచింది.

నౌకరీకి పెట్టే పరీక్ష దగ్గరపడింది. కాగితాల మీద దస్కతు కోసం అన్న కొడంగల్ పోయిన రోజు, మా చిన్నాయన బిచ్చయ్య తన జీవాలను తాండూరు సంతకు తోలుకుపోతుంటే, వదిన ఆ గోధుమ చెవులదాన్ని కూడా వాటిలో కలిపి తానే వెంట పోయింది. అమ్మేసి, చేతులు దులుపుకుని, పెండ్లికి పోయొచ్చినంత సంబరంగా ఇంటికి వచ్చింది.

పొద్దుగూకింది. కొడంగల్ నుంచి వచ్చిన అన్న గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. స్టబ్బర్న్ పోయింది. ఎనిమీ పోయింది. "బిలవెడ్!" అన్నాడు. ఏదీ కదల్లేదు. మళ్ళీ పిలిచాడు.

"అది రాదు," అంది వదిన. "సంతల అమ్మిన."

అన్న తిట్టలేదు. అన్నం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండానే చేయి కడుక్కుని లేచాడు. దాంతో వదినకు ఇంకా మండింది. "తిట్టరాదు? కొట్టరాదు? గొర్రె కోసం అన్నం ఇడిసిపెడ్తవా?"

"గొర్రె పోతె పోనియ్యే. దాని ఎనక వచ్చే మాటలన్ని తప్పిపోయినయ్. ఆడికి రాంగనె నా నోరు ఆగిపోతుంది. రేపు సార్ల ముంగట నేనేం చెయ్యాలె?"

నౌకరీ పోతుందేమోనని అప్పుడు భయపడింది మా వదిన. భయపడిందే గాని కుళ్ళు తగ్గిందనుకోకండి. పరీక్షకు తానూ వస్తానంది, తోడుగా నన్ను లాక్కుపోయింది. రైల్లో వికారాబాద్ దాకా అన్న పెదవులు కదుపుతూనే ఉన్నాడు, ఈమె వాటినే చూస్తూ కూర్చుంది. ఆ గొర్రె పేరు మళ్ళీ వస్తుందేమోనని!

దవాఖాన అరుగు మీద మేమిద్దరం కూర్చున్నాం. లోపల జరిగింది తర్వాత అన్న నాకు చెప్పాడు. మందు సీసాలు చదివించారట, చదివాడు. తర్వాత పెద్ద డాక్టరు, "నీకు వచ్చిన మాటలు చెప్పు," అన్నాడట. మందను దొడ్లోకి తోలినట్టే వరసగా చెప్పుకుంటూ పోయి, ఒక్కచోట గప్పున ఆగిపోయాడు.

"ఏమైంది?"

"గొర్రె లేదు సార్."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. అన్న మొత్తం చెప్పాడు. "మరి మీ ఆమె ఎందుకమ్మింది?" అంటే, మా అన్న నోట్లోంచి తెలుగుకు బదులు ఇంగ్లీషే వచ్చింది.

"షి ఈజ్ జెలస్, సార్."

"శభాష్! అర్థం?"

"ఓర్వలేనిది."

"తోటి మాట?"

"ఎన్వియస్."

"ఉల్టా?"

అన్న తల గోక్కున్నాడట. "అది మా ఇంట్ల లేదు సార్."

"వాక్యంల పెట్టు."

"మై వైఫ్ ఈజ్ జెలస్ ఆఫ్ ఎ షీప్."

మాకు బయటికి నవ్వులే వినబడ్డాయి. కొద్దిసేపటికి అన్న బయటికొచ్చాడు. ముఖం చూడగానే తెలిసింది, నౌకరీ వచ్చిందని. నేను దండం పెట్టుకున్నాను. వదిన మాత్రం స్టేషను దాకా మూతి ముడుచుకునే నడిచింది. ప్లాట్‌ఫారం మీద ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఆఖరికి ఏదో మాటంటివి గద, సార్లందరు నవ్విండ్రు. ఏందది? ఏ గొర్రె పేరు?"

"గొర్రె పేరు కాదు. నీ పేరు. జెలస్."

"నాకు పేరు పెట్టినవా! ఎప్పుడు?"

"అన్నిటికన్న ముందుగాల పెట్టిన. సారు ఆ మాట చెప్పిన నాడే."

"అంటే ఏంది?"

అన్న కొంచెం వెనక్కి జరిగి చెప్పాడు. "ఓర్వలేనిది."

ఇక అయిపోయింది, స్టేషను మొత్తం చూసేలా దులిపేస్తుంది అనుకున్నాను. వదిన కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఇదే పేరు మందల ఇంకోదానికన్న పెట్టినవా?"

"లేదు."

"పెట్టకు," అంది.

అన్న నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తోడబుట్టినదాన్ని, మూట మోసుకుంటూ వాళ్ళ పక్కనే ఉన్నాను. మంద మొత్తానికి పెట్టాడు, పెండ్లానికి పెట్టాడు, నాకు మాత్రం ఒక్క పేరు పెట్టలేదు మా అన్న.