గడియారంలో లేని పద్నాలుగు

ఈ రోజు గార్లదిన్నె దగ్గర మా బడిలో ఆరో తరగతికి రైల్వే టైము చెప్పినా. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి పన్నెండు కలుపుకుంటా పోవాలి, రెండయితే పద్నాలుగు అన్నా.

వెనక బెంచీలో మంజుల లేచింది. "ఉత్త రెండు అని పెడితే ఏమైతాది మేడం?"

"అది రాత్రి రెండు."

ఆ పిల్ల తల పట్టుకుంది. వాళ్ల నాయన చీనీ తోట, అదే బత్తాయి తోట, మోటారుకు కొత్త టైమరు తెచ్చి, మధ్యాహ్నానికని 2 పెట్టినాడంట. మాకు చేన్లకు కరెంటు పగలే ఇస్తారు. మూడు రోజులుగా చెట్లకు నీళ్లు లేవు. మోటారు కాలిందనుకొని, బోరులోంచి పైకి తీసేదానికి ఈ రోజు మనుషుల్ని పిలిచినాడంట.

వెంటనే ఆయనకు ఫోన్ చేసి, టైమర్లో 14 పెట్టమన్నా.

"గడియారంలో పద్నాలుగు యాడుండాది మేడం?" అన్నాడాయన.

మంజుల ఫోన్ లాక్కుంది. "గడియారంలో లేదు నాయనా, టైమర్లో ఉండాది. పెట్టు!"

రెండు దాటంగానే ఆయనే చేసినాడు. "నీళ్లు పడతాండాయి మేడం. ఫోన్ మా పాపకియ్యండి."

ఇన్నేండ్లుగా ఈ పాఠం చెప్తాండే నా ఫోన్లో కూడా పన్నెండు గంటల లెక్కే ఉండె. ఇప్పుడే మార్చినా. 18:40 అయింది.

మీ ఫోన్లో ఎంతప్పా?