ఆటకు వీపు పెట్టినవాడు

నర్సింలు గారి కళ్ల సంగతి మొదట నాకు చెప్పింది ఏసోబు. అప్పుడు నేను గద్వాల ప్రభుత్వ ఆసుపత్రిలో ఆఫ్తాల్మిక్ ఆఫీసరుగా ఉన్నాను. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. దసరాకు మూడు వారాల ముందు, ఒక సోమవారం.

పేరులో ఆఫీసరని ఉన్నా మాది కంటి డాక్టరు కింది ఉద్యోగం. చూపు కొలవడం, అద్దాలు రాయడం, శుక్లాలున్నవాళ్లను గుర్తించి ఆపరేషన్ శిబిరానికి పంపడం, అనుమానం ఉన్నవాళ్లను పై ఆసుపత్రికి రాయడం మా పని. కత్తి పట్టేది డాక్టరే. ఊళ్లోవాళ్లు నన్ను కండ్లక్క అనేవాళ్లు.

నేను పదో తరగతి దాకా బడికి పోలేదు. ఇటిక్యాలలో మా నాయన ఇంట్లోనే చదివించి పరీక్ష మాత్రం రాయించాడు. అక్షరాలు నేర్పిన నాయనకు, ఆ అక్షరాల పట్టికనే గోడకు తగిలించి బతికే దారి చూపిన మల్దకల్ తిమ్మప్ప దేవునికి రోజూ పొద్దున గది తలుపు తీసేముందు మనసులో దండం పెట్టుకునేదాన్ని. ఆ సోమవారం దండం పెట్టుకొని తాళం తీస్తుంటే వెనక ఏసోబు నిలబడి ఉన్నాడు.

ఏసోబు సెంట్రింగ్ పనివాడు. నలభై ఏళ్లుంటాయి. పదిహేనేళ్లు గోవాలో కట్టడాల మీద పనిచేసి, ముసలి తల్లి కోసం తిరిగి వచ్చాడు. ఆమెకు శుక్లం ఆపరేషన్ చేయించిన పరిచయంతో నన్ను అక్కా అనేవాడు. గోవా నుంచి ఇంకా పది పన్నెండు మంది అట్లాగే వచ్చారు. వాళ్లంతా అక్కడి నుంచి ఫుట్‌బాల్ పిచ్చిని, డప్పులను వెంటబెట్టుకొచ్చారు. ఊళ్లో వాళ్ల పేరు గోవా బ్యాచు.

మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు నేతపనివాళ్లు పెట్టుకున్నది. తెల్ల బనియనుకు చీర అంచులాగా ఎర్రంచు ఉంటుంది కాబట్టి అందరూ ఎర్రంచు క్లబ్బు అంటారు. మైదానానికి పడమటి వైపు రాతి గట్టు ఒకటుంది. పాత అభిమానులు దాని మీదే కూర్చుంటారు, ఎవరి జాగా వారిది. వాళ్ల భుజాన ఎర్రంచు కండువా ఉంటుంది. అది బజారులో దొరకదు. పదేళ్లపాటు ఆటలకు వస్తూ ఉన్నవాళ్లకే క్లబ్బు పెద్ద నర్సింలు గారు సొంత మగ్గం మీద నేసి ఇస్తారు. సెమీఫైనల్, ఫైనల్ ఆటలకు రానివాడు ఆ కండువా తిరిగి ఇచ్చెయ్యాలి. ఈ నియమం పెట్టింది కూడా ఆయనే.

గోవా బ్యాచుకు కండువాలు లేవు. గట్టు ముందు నేల మీద నిలబడి డప్పు కొట్టి, పాట ఎత్తుకొని, గట్టు మీదివాళ్ల చేత పాడించాలని చూసేవాళ్లు. అందుకోసం ఏసోబు మైదానానికి వీపు పెట్టి, జనానికి ఎదురుగా నిలబడేవాడు. నర్సింలు గారి బాల్య స్నేహితుడు మౌలాలికి అది చూస్తే ఒళ్లుమంట. "ఆటకు వీపు వెట్టెటోడు అభిమాని ఎట్లయితడు? పెండ్లి బ్యాండోడు అయితడు గాని," అనేవాడు. గట్టంతా నవ్వేది.

ఆ ఏసోబు నా గది గడప దగ్గర నిలబడి, "అక్కా, నర్సింలు పెద్దయ్యకు సూపు మంచిగ లేదు. ఎవ్వరికి చెప్తలేడు," అన్నాడు.

నీకెట్లా తెలుసని అడిగాను.

"నేను ఆట సూడ గద అక్కా, ఆయన మొఖమే సూస్త. బంతి యాడుందో గట్టు మీదోళ్ల కండ్లు సూస్తే ఎరుకైతది. బంతి నడిమిట్ల ఉన్నంతసేపు ఆయన కండ్లు బంతి మీదనే ఉంటయి. పక్క గీతకాడికి పోయిందంటే మౌలన్న మొఖం దిక్కు తిరుగుతడు. గోల్ పడితే అందరు లేసినంక లేస్తడు. పోయినేడు గిట్ల లేకుండె."

మౌలాలికి చెప్పలేకపోయావా అంటే, "ఆటే తెల్వనోనికి మా నర్సింలు కండ్లు తెలుస్తయా అంటడు," అని నేల చూశాడు.

అతను వెళ్లాక పాత రిజిస్టరు తీశాను. అంతకు ముందు ఏడాది వేసవి శిబిరంలో నర్సింలు గారిని చూసింది నేనే. ఆరు మీటర్ల దూరంలో పట్టిక పెట్టి ఒక్కో కన్ను మూసి చదివించాలి. ఆయన చివరి వరుసకు పై వరుస దాకా తడుముకోకుండా చదివినట్టు నా చేతిరాతే ఉంది. పక్కన 'అద్దాలు మార్చాలి' అని రాసి పంపేశాను. నలభై దాటినవాళ్లకు కంటి ఒత్తిడి కూడా కొలవాలని మాకు శిక్షణలోనే చెప్పారు. ఆ రోజు బయట వరుస పెద్దది. ఒత్తిడి రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

మరునాడు నేనే ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన మగ్గం గుంటలో కూర్చొని కండువా నేస్తున్నారు. చీరలు మానేశారా అని అడిగాను. ఓపిక లేదు బిడ్డా అన్నారు. కారణం ఓపిక కాదని నాకప్పుడే అర్థమైంది. చీర బట్ట వెడల్పు ఎక్కువ. ఒక అంచు చూస్తుంటే రెండో అంచు ఆయనకు కనిపించడం లేదు. కండువా చిన్నది, చూపులో పడుతుంది.

ఆసుపత్రికి తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టాను. ఒక కన్ను మూసి, నా ముక్కు వైపే చూడమని చెప్పి, పక్క నుంచి వేలు ముందుకు తెచ్చాను. మామూలు మనిషి వేలు చెవి దాటగానే కనిపించిందంటాడు. ఆయన వేలు ముక్కు ముందుకు వచ్చేదాకా చెప్పలేదు. రెండో కన్నూ కొంచెం తేడాతో అంతే. పడుకోబెట్టి తిమ్మిరి చుక్కలు వేసి ఒత్తిడి కొలిచే పరికరం కనుగుడ్డు మీద ఆనించాను. సూది బాగా కదిలితే కన్ను మెత్తగా ఉన్నట్టు. ఆయనకు దాదాపు కదలలేదు.

దీన్ని నీటికాసులు అంటారు. కంటిలో నీటి ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుంది. నొప్పి ఉండదు. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది, నడుమ చూపు మాత్రం చివరిదాకా నిలుస్తుంది. అందుకే పట్టిక బాగా చదువుతారు. శుక్లం తీస్తే చూపు వస్తుంది, ఇందులో పోయింది రాదు. ఉన్నది నిలుపుకోవడమే.

డాక్టరు గారు చూసి, చుక్కల మందు మొదలుపెట్టి, ఎడమ కంటికి వెంటనే ఆపరేషన్ కావాలని హైదరాబాదుకు రాశారు. అక్కడ ఇచ్చిన తేదీ దసరా టోర్నమెంటు సెమీఫైనల్‌కు ముందు రోజు. అది తప్పితే మళ్లీ నెలన్నర. అంత ఆగితే ఆ కన్ను దక్కదని డాక్టరు గారు నాతో విడిగా అన్నారు.

నర్సింలు గారికి నా తప్పు కూడా చెప్పాను. పోయినేడు నేను ఒత్తిడి చూసి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదన్నాను. ఆయన, "చెప్పినవు గద బిడ్డా. చెప్పకుంటె నాకేం తెలుస్తుండె," అన్నారు. ఆ మాటకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను. కానీ ఆపరేషన్ మాత్రం సెమీఫైనల్ అయ్యాకే అన్నారు. "ఆటకు పోకుంటె కండువ ఇయ్యాలె. నేను వెట్టిన రూలు నేనే తప్పాల్నా? నలుగురి దగ్గర గుంజుకున్న నేను."

ఎంత చెప్పినా వినలేదు. ఆ సాయంత్రం నేను మైదానానికి పోయాను. గట్టు మీదివాళ్లనూ ఏసోబునూ కూర్చోబెట్టి ఉన్న సంగతి చెప్పాను. చెప్పమని నర్సింలు గారే అన్నారు, తన నోటితో చెప్పలేనని.

మౌలాలి నలభై ఏళ్లుగా నర్సింలు గారి పక్కనే కూర్చునే మనిషి. "నా మొఖం దిక్కు సూస్తుంటె, నా మాట ఇంటుండు అనుకున్న," అన్నాడు.

ఏసోబే ఉపాయం చెప్పాడు. గోవాలో తమ మేస్త్రి కాలు విరిగి పడుకున్నప్పుడు ఆట మొత్తం ఫోనులో చెప్పామని, ఆయన రానట్టు ఎవరూ లెక్కపెట్టలేదని అన్నాడు. గట్టు మీద ఒకాయన అది గోవా రూలు, మన రూలు కాదన్నాడు. మౌలాలి అతని మీద కసురుకున్నాడు. "నర్సింలు జాగల ఫోను వెడ్తం. ఫోను కూసుంటె ఆయన కూసున్నట్లే. కాదనెటోడు నా ముంగటికి రాండ్రి."

ఎవరూ రాలేదు. అందరూ కలిసి వెళ్లి చెబితే నర్సింలు గారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆపరేషన్ తేదీకి ముందురోజు పొద్దున మాత్రం సంచి సర్దుకున్నారు.

కొడుకు వెంట వెళ్లాడు. నేను రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు నాలుగింటికి ఎడమ కంటికి కట్టుతో పడుకున్న ఆయన దిండు పక్కన నా ఫోను పెట్టాను. సిస్టరుగారిని ముందే అడిగి అనుమతి తీసుకున్నాను.

"పెద్దయ్యా, ఇనబడుతుందా?" ఏసోబు గొంతు.

"ఇనబడుతుంది. బంతి ఎవరికాడుంది?"

"మనోనికాడ."

"మనోళ్లు పదకొండు మందిరా."

"ఆ పొట్టోడు, పెద్దయ్యా."

"కుడిదిక్కా, ఎడమదిక్కా?"

"నా కుడిదిక్కా, వాని కుడిదిక్కా?" అని అడిగాడు ఏసోబు. గట్టు మీద నర్సింలు గారి జాగాలో కూర్చొని అతను ఆట వైపు ముఖం పెట్టడం అదే మొదటిసారి.

వెనక నుంచి మౌలాలి, "ఇటియ్యి ఆ ఫోను. గిన్నేండ్లు వీపు వెట్టినోన్ని ఆట చెప్పుమంటె ఎట్లొస్తది," అన్నాడు.

"మౌలా, నువ్వు ఊకో," అన్నారు నర్సింలు గారు. "వానికి రాకున్నా ఉన్నదున్నట్లు చెప్తుండు. నువ్వయితె మనోళ్లు ఓడుతున్నా గెలుస్తున్నరంటవ్."

పక్క మంచం మీద అచ్చంపేట రైతు ఒకాయన నవ్వాడు. తర్వాత ఆయనా చెవి ఇటు పెట్టాడు.

కాసేపటికి నర్సింలు గారు, "డప్పులేవి? సప్పుడు లేదు," అన్నారు.

"కింద పెట్టినం పెద్దయ్యా. నీకు ఇనబడాలె గద."

ఇన్నేళ్లూ ఆ డప్పులకు చెవులు మూసుకున్న మనిషి. చెయ్యి చాచి ఫోనును చెవికి దగ్గరగా జరుపుకున్నారు. తర్వాత, "కొట్టుండ్రిరా. సప్పుడు లేకుంటె మనోళ్లు ఉరకరు. జర మెల్లగ కొట్టుండ్రి," అన్నారు.

డప్పు మెల్లగా మొదలైంది. ఇప్పుడు దానికి గట్టు మీది గొంతులు కూడా కలిశాయి. నేను ఆ పాట అంతకు ముందు ఆ గొంతుల్లో వినలేదు.

మనవాళ్లు ఓడిపోయారు. వనపర్తి జట్టు చివరి పది నిమిషాల్లో గోల్ వేసింది. ఏసోబు ఉన్నదున్నట్టే చెప్పాడు.

ఆరు వారాల దాకా దుమ్ములోకి పోకూడదు. గడువు తీరిన ఆదివారం నర్సింలు గారు మైదానానికి వచ్చారు. గట్టు ఎక్కలేదు. కింద నిలబడి భుజం మీది కండువా తీశారు. మౌలాలి వద్దన్నాడు, ఫోను లెక్కలోకి వచ్చిందన్నాడు. "నువ్వు లెక్కపెట్టినవ్, నేను పెట్టలె," అన్నారు ఆయన. "ఆ పొద్దు నా జాగల కూసున్నది ఏసోబు. కండువ ఆ జాగది." అని అతని భుజం మీద వేశారు.

ఏసోబు దాన్ని రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు. మెడలో ఎట్లా వేసుకోవాలో కూడా తెలియలేదు. మౌలాలే సర్ది, నర్సింలు గారి వైపు తిరిగి, "ఇగ నువ్వు కొత్తోనివి. పదేండ్లు ఆగాలె," అన్నాడు.

"ఆగుత," అన్నారు నర్సింలు గారు. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిది. వెళ్లి గోవా బ్యాచు పక్కన నేల మీద కూర్చున్నారు. అక్కడి నుంచి బంతి ఎటు పోయిందో పక్కనున్నవాళ్లను దాపరికం లేకుండా అడిగేవారు. ఆయనకు మిగిలిన చూపు రోజూ వేసే చుక్కల మందుతో ఇప్పటికీ నిలిచి ఉంది.

ఆ ఉదంతం తర్వాత నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. పట్టిక ఎన్ని వరుసలు చదివినా సరే, నలభై దాటిన ప్రతి మనిషికీ ఒత్తిడి కొలిచాను, పక్క నుంచి వేలు తెచ్చి చూపు చూశాను. రెండోది, రోగిని అడిగిన తర్వాత, రోజూ అతనికి ఎదురుగా కూర్చునేది ఎవరో కనుక్కొని వాళ్లనూ అడిగాను. పక్కన కూర్చునేవాళ్లకు ఎంత ప్రేమ ఉన్నా ముఖం కనిపించదు. ఆ రెండేళ్లలో ఇట్లా జబ్బు బయటపడినవాళ్లు కొందరున్నారు. వాళ్లెవరికీ ఏసోబు తెలియదు.

తల్లి పోయాక ఏసోబు మళ్లీ గోవాకు పనికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు కండువాను గట్టు మీద ఆ జాగాలోనే మడిచి పెట్టబోతే మౌలాలి తిట్టి సంచిలో పెట్టించాడు. ఇప్పుడు అతను ఏ కట్టడం మీద ఉన్నాడో నాకు తెలియదు. ఇది చదివినవారు ఎప్పుడైనా ఆట చూడడానికి వెళ్లి, ఆటకు వీపు పెట్టి డప్పు కొట్టే మనిషిని చూస్తే, గద్వాల ఏసోబును ఒక్కసారి తలుచుకోండి.