ఇద్దరికీ ఒకే టీ

గణితశాఖలో అందరికన్నా వయసుమళ్ళిన మాస్టారికి మనుషులను చుక్కలుగా చూసే జబ్బుంది. ఎవరి ప్రభావం ఎవరి మీద పడుతుందో బాణాలు గీస్తారు. ఇద్దరిని అటూ ఇటూ మార్చినా బొమ్మ మారకపోతే వాళ్ళిద్దరూ ఒకేలా నడుచుకుంటారని, ఇద్దరికీ కలిపి ఒకే అక్షరం చాలని ఆయన బీజగణితం. కాగితం మీద రాసుకుంటే ఎవరికీ పేచీ లేదు. ఆయన టీ కూడా ఆ లెక్కనే తెప్పిస్తారు.

ఈ అన్యాయానికి బలైంది కొత్త లెక్చరరమ్మ. ఆమె, ఇంకో పొడుగు లెక్చరరు ఒకేరోజు చేరారు, ఒకే క్లాసులు చెబుతున్నారు. అంతే, మాస్టారి పటంలో ఇద్దరికీ కలిపి ఒక 'క్ష'. ఇద్దరూ ఆయన గదికి వెళితే ఒక కుర్చీ, ఒక టీ. ఎవరైనా వస్తే పొడుగాయన గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పి, ఆమెను చూపించి "ఈవిడా అదే" అనేవారు. ఆమెకు ఒళ్ళు మండిపోయేది. ఇంత చదువు చదివింది ఒకరి పక్కన 'అదే' అనిపించుకోవడానికా?

ఉద్యోగాలు ఖాయం చేసే మీటింగు వచ్చింది. పొడుగాయన బంగారమని, ఈవిడ ప్రతిదానికీ విరుచుకుపడుతుందని, పంపించేద్దామని శాఖాధిపతి సెలవిచ్చారు. ఇద్దరికీ పని ఒకటే కాబట్టి లోపం మనిషిలోనే ఉందన్నారు.

మాస్టారు సుద్దముక్క పట్టుకుని లేచారు. అందరూ తలలు పట్టుకున్నారు.

"ఒకే బాణాలు తగిలితే ఒకేలా ఉండాలి. వీళ్ళు లేరు. తప్పు చుక్కది కాదు, నేనే ఏదో బాణం గీయడం మరిచాను. పాఠాలు కాక ఇంకేం చేస్తున్నావమ్మా?"

శాఖాధిపతిగారి పరీక్ష పేపర్లన్నీ తనే దిద్దుతున్నానని ఆమె చెప్పింది. శాఖాధిపతి కిటికీలోంచి బయటికి చూశారు. మాస్టారు మాత్రం పోయిన కళ్ళజోడు దొరికినంత సంబరంగా ఆ బాణం గీసి, వెంటనే అరచేత్తో తుడిచి, తన చుక్క వైపు తిప్పారు.

"ఇకమీద అవి నాకు పంపండి. నాది ముసలి చుక్క, కోపం రాదు."

ఉద్యోగం నిలిచింది. ఎవరికి కోపమొచ్చినా ఆయన ఆ మనిషిని తప్పుపట్టరని, ఎక్కడ గుచ్చుకుంటోందో వెతుకుతారని ఆమెకు అప్పుడు తెలిసింది. ఇంత మంచివాణ్ణి ఇన్నాళ్ళూ తిట్టుకునేలా చేసినందుకు ఆయన మీదే ఇంకాస్త కోపం వచ్చింది.

మర్నాడు మాస్టారి గదిలో మళ్ళీ ఒకే టీ.

"మేమిద్దరం ఒకటి కాదని నిన్న మీరే కదండీ తేల్చారు?"

"నిన్నటికి ఒకటి కాదమ్మా. ఆ బాణం తీసేశాం, ఇవాళ్టి నుంచి ఒకటే."

ఆమె కప్పు అందుకుని, పొడుగాయన చూస్తుండగా, చుక్క మిగల్చకుండా తాగేసింది.