వదిన ఫోన్ నుంచి వెళ్ళిన కాల్

దెయ్యాలూ, గాలీ ధూళీ అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. నర్సీపట్నంలో పదహారేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. జ్వరం తగ్గలేదని తాయెత్తు కట్టించుకొచ్చే వాళ్ళని వేళాకోళం చేసి డాక్టరు దగ్గరికి తరిమేదాన్ని. టేపుతో కొలవగలిగిందే నాకు నిజం. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే సిగ్గుగానే ఉంది. ఆ సిగ్గుకి అసలు కారణం దెయ్యం కాదు, నేను చేసిన పని.

సత్యవతి వదిన మా ఆయనకి అక్క. భర్త పోయాక కోటవురట్ల దగ్గర తన జీడితోట తానే చూసుకునేది. తోటలో పడి కాలు విరిగితే, సిమెంటు కట్టు వేయించి మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆరు వారాలకి కట్టు విప్పారు. వాపు తగ్గకపోతే తీసుకురమ్మన్నారు. పిక్క వాచిపోయి ఉంది, తగ్గలేదు.

మా వైపు కట్టు విప్పిన కాలికి నూనె రాసి నొక్కడం అలవాటు. నువ్వుల నూనెలో కర్పూరం వేసి వెచ్చచేసి, పిక్కని పిండినట్టు నొక్కుతాం. నా హస్తవాసి మంచిదని చుట్టాలంతా అంటారు, నాకూ ఆ పొగరుంది. అందుకని ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా మూడు రోజులు నేనే నొక్కాను.

మూడో రోజు నొక్కుతుండగా ఎవరో జాకెట్టు కోసం వచ్చారు. ఒలికిన నూనె తుడవకుండానే లేచి వెళ్ళాను. వదిన వాకరు పట్టుకుని లేచి, ఆ నూనె మీద జారి వెనక్కి పడింది. తల వెనక భాగం కుట్టుమిషను ఇనుప స్టాండుకి కొట్టుకుంది. రక్తం రాలేదు గానీ బొప్పి కట్టింది.

"తమ్ముడికి సెప్పకే పద్మా, నిన్ను తిడతాడు," అంది వదిన.

నేను చెప్పలేదు. ఆవిడ నా కోసం దాచింది. నేనూ నా కోసమే దాచాను.

రెండు రోజుల తర్వాత పొద్దున్న పదింటికి వదిన స్నానం చేసి వస్తూ ఊపిరాడక కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. ఇంటికి తాళం వేసి ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడి డాక్టరమ్మ చూసి, కాలిలో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడినట్టుందని చెప్పింది. నూనెతో మెరుస్తున్న పిక్క వైపు చూసి, "నొక్కారా? ఇలా వాచిన కాలు నొక్కకూడదమ్మా," అంది. మా ఆయన నన్ను చూసిన చూపుకి వదిన చీర అంచు లాగి ఆ పిక్కని కప్పేశాను.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో ఇలాంటి కేసుల కోసమే ఒక టీం ఉందట. డాక్టరమ్మ ఒక నంబరుకి ఫోన్ చేయగానే, పది నిమిషాలు తిరక్కుండా నలుగురు డాక్టర్లు ఫోన్ తెర మీదికి వచ్చారు. గుండె డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు, స్కానింగులు చూసే ఆయన, ఐసీయూ ఆవిడ. ఎవరి గదిలో వాళ్ళే ఉండి, అందరూ మా వదిన గురించే మాట్లాడుకుంటున్నారు. చూస్తుంటే ప్రాణం లేచి వచ్చింది.

వదినని విశాఖపట్నం తీసుకురాగానే గడ్డని కరిగించే ఇంజెక్షను ఇద్దామనుకున్నారు. దాంతో ఎక్కడైనా రక్తస్రావం మొదలైతే ఆపడం కష్టమట. అందుకని ఒక్కొక్కటే అడిగారు. కడుపులో పుండ్లున్నాయా? ఈమధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా? తలకి దెబ్బ తగిలిందా?

మా ఆయన నా పక్కనే ఉన్నాడు.

"లేదండీ," అన్నాను.

టీం నంబరు రాసిన చీటీ నా చేతికే ఇచ్చారు. అంబులెన్సులో మా ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక వదిన మాస్కుతో నా ఎదురుగా స్పృహ లేకుండా పడుకుని ఉంది. తాళ్ళపాలెం దగ్గర హైవే ఎక్కేదాకా చెప్పేద్దామని ఎన్నిసార్లో నోరు తెరిచాను. ఇందాక ఎందుకు చెప్పలేదని అడుగుతారు, అదొక్కటే భయం. మనిషి ప్రాణం కన్నా అది పెద్దదా అంటే, ఆ పూట నాకు పెద్దదే అయింది.

ఆసుపత్రిలో స్ట్రెచరు దించగానే ముందు తలకి స్కానింగు చేశారు. తర్వాత ఊపిరితిత్తుల డాక్టరుగారు బయటికి వచ్చి మా ఆయనతో, "తలలో పలచగా రక్తం చేరింది. ఆ ఇంజెక్షను ఇచ్చి ఉంటే మనిషి దక్కడం కష్టమయ్యేది. మీవాళ్ళు ఫోన్ చేసి చెప్పడం మంచిదైంది. గజ్జల దగ్గర నుంచి సన్నని గొట్టం పంపించి గడ్డని లాగేస్తాం," అన్నారు.

మా ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వే సేసినావా?"

నేను తలూపాను.

వదిన బతికింది. ఇంటికి పంపే రోజున నర్సమ్మ కాగితాలు రాస్తూ మా నంబరు సరిచూసుకోమని చదివింది. అది వదిన నంబరు. మేం దారిలో ఉండగా దాని నుంచే కాల్ వచ్చిందని, తానే ఎత్తానని చెప్పింది. ఎవరో పెద్దావిడ గొంతట. రెండు రోజుల క్రితం తలకి ఇనుప స్టాండు తగిలిందని చెప్పి, చివర్లో ఒక మాట అందట.

"మా పద్మ బయపడిపోనాది. దాన్నేటీ అనకండమ్మా."

ఆ రోజు వదిన ఫోను మా ఇంట్లోనే ఉండిపోయింది. తాళం వేసింది నేను. తాళంచెవి ఒక్కటే, నా పర్సులో ఉంది. వదిన పడిన సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ టీం నంబరు వదినకి అసలే తెలియదు.

ఇంటికి వచ్చి చూస్తే ఫోను వదిన దిండు కిందే ఉంది. చార్జింగు పెట్టి తెరిచాను. మేం ఆసుపత్రికి వెళ్ళిన రోజున ఆ నంబరుకి ఒక కాల్ వెళ్ళింది. పన్నెండూ పదికి. నలభై సెకన్లు. నేనే మతి తప్పి చేశాననుకుందామంటే, ఆ టైముకి నేను అంబులెన్సులో ఉన్నాను.

వదినని అడిగాను. "నాకేటి గుర్తుంటాది? నువ్వే కదా ఫోన్ సేసి సెప్పినావు. తమ్ముడు అందరికీ సెప్తన్నాడు. నా పేణం నిలబెట్టినావే," అని నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడైనా చెప్పాలి కదా! "ఊరుకో వదినా, నేనేటి సేసినాను," అని నవ్వాను. అణకువ అనుకుంది.

ఇప్పటికీ చుట్టాలొస్తే మా ఆయన ఆ సంగతి గొప్పగా చెబుతాడు. నేను టీ పెట్టే మిషతో వంటింట్లోకి పోతాను. ఆ కాల్ ఎవరు చేశారో, ఎలా చేశారో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. నన్నేమీ అనొద్దని మాత్రం ఎవరో బతిమాలారు. ఇంతవరకూ ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.